ఒకే మోడల్, ఒకేసారి చాలా అంచనాలు: హెచ్‌టీఎం నుంచి వాటిని బయటికి తీయడానికి ఏ పద్ధతి మీకు సరిపోతుంది?

"రా... మ..." అని రెండక్షరాలు పలికి ఆగండి. వింటున్న తెలుగువాళ్ళ మనసులో అప్పటికే రెండు మూడు పేర్లు మెదులుతాయి. రామకృష్ణ, రామచంద్ర, రామలింగం. ఏ ఒక్కటీ ఖాయం కాలేదు, కానీ అన్నీ సిద్ధంగా ఉన్నాయి. తర్వాత 'చం' అని వినపడగానే మిగతా రెండూ తప్పుకుంటాయి, మనకు ఆశ్చర్యమేమీ ఉండదు. అదే 'ప్పు' అని వినపడితే ఉలిక్కిపడతాం.

మెదడు చేసే ఈ పనిని దాదాపు ఇదే తీరులో చేసే మోడల్ హెచ్‌టీఎం, అంటే హైరార్కికల్ టెంపొరల్ మెమరీ. జెఫ్ హాకిన్స్ 2005లో మరో ఇద్దరితో కలిసి స్థాపించిన న్యూమెంటా సంస్థలో ఇది రూపుదిద్దుకుంది. 2013లో న్యూపిక్ పేరుతో దాని కోడ్‌ను అందరికీ తెరిచారు. న్యూపిక్ పైథాన్ 2.7 దగ్గరే ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు పైథాన్ 3లో నడిచే హెచ్‌టీఎం.కోర్ వాడుకోవడం మంచిది.

మోడల్ లోపల అంచనాలు ఉన్నాయని తెలుసు. వాటిని బయటికి తీసి చదవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ప్రెడిక్టివ్ సెల్స్ (తర్వాతి అక్షరం కోసం సిద్ధంగా ఉన్న సెల్స్) చూడాలా, క్లాసిఫయర్ (మోడల్ స్థితిని చూసి దేనికి ఎంత అవకాశమో చెప్పే చిన్న నెట్‌వర్క్) పెట్టాలా, మోడల్‌ను కాపీలు తీసి ముందుకు నడపాలా? ఏది ఎక్కడ పనికొస్తుందో ఈ పేర్ల ఉదాహరణతోనే చూద్దాం.

## ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

పద్ధతి ఎంచుకునే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: మీకు కావాల్సిన జవాబు వీటిలో ఏది?

- ఎన్ని? తర్వాత రాగలిగేవి ఒకటా, మూడా, ముప్పైయా అన్నది తెలిస్తే చాలు.
- ఏవి? వాటి పేర్లు కావాలి.
- దేనికి ఎంత అవకాశం? శాతాలు కావాలి.
- ఆ పైన ఏ దారి? 'కృ' వస్తే దాని వెనక ఏమొస్తుంది, 'చం' వస్తే ఏమొస్తుంది అని దారులు విడివిడిగా కావాలి.

వీటితో పాటు మీ డేటా అక్షరాల్లాంటి విడి గుర్తులా, ఉష్ణోగ్రత లాంటి అంకెలా అన్నది కూడా చూసుకోవాలి. గుర్తులతో పని తేలిక. అంకెలతో పప్పులో కాలేసే చోట్లు ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హెచ్‌టీఎంలో అక్షరాల వరసను నేర్చుకునే భాగమైన టెంపొరల్ మెమరీకి "ఏవి సాధ్యం" అన్నది బాగా తెలుసు. "ఏది ఎంత సాధ్యం" అన్నది సరిగ్గా తెలియదు. ఈ తేడా పట్టించుకోకుండా మొదటి రకం జవాబును రెండో రకం అనుకుని చదవడం వల్లే ఎక్కువ మంది ఇబ్బంది పడుతున్నారు.

## లోపల జరిగేది

సెల్ అంటే మోడల్‌లోని ఒక కృత్రిమ న్యూరాన్, కాలమ్ అంటే అలాంటి సెల్స్ నిలువు వరస. మామూలుగా వాడే కొలతలు ఇవి: 2048 కాలమ్‌లు, ఒక్కో కాలమ్‌లో 32 సెల్స్, మొత్తం 65,536 సెల్స్. ఏ క్షణంలోనైనా దాదాపు 2 శాతం, అంటే 40 కాలమ్‌లు మాత్రమే వెలుగుతాయి. 'రా'కు ఒక 40, 'మ'కు ఇంకో 40. ఈ పలచని గుర్తింపునే ఎస్‌డీఆర్ అంటారు. సంబంధం లేని రెండు ఎస్‌డీఆర్‌ల మధ్య యాదృచ్ఛికంగా కలిసే కాలమ్‌లు సగటున ఒకటి కూడా ఉండవు.

ఒకే కాలమ్‌లో 32 సెల్స్ ఎందుకంటే, సందర్భం గుర్తుంచుకోవడానికి. మోడల్‌కు పై మూడు పేర్లతో పాటు 'సీతారామయ్య' కూడా నేర్పామనుకుందాం. 'రామకృష్ణ'లోని 'మ', 'సీతారామయ్య'లోని 'మ' రెండూ అవే 40 కాలమ్‌లను వెలిగిస్తాయి. కానీ ఆ కాలమ్‌లలో వెలిగే సెల్స్ వేరు. అందుకే 'సీ, తా, రా, మ' అంటే మోడల్ 'య్య' కోసం మాత్రమే ఎదురుచూస్తుంది. పేరు మొదట్లోనే 'రా, మ' అంటే మూడింటి కోసం ఎదురుచూస్తుంది.

ఎదురుచూడటం అంటే ఇక్కడ వెలగడం కాదు. సెల్‌కు ఉన్న డెండ్రైట్ ముక్క, అంటే సెగ్మెంట్, తనకు తెలిసిన సెల్స్ తగినన్ని ఒకేసారి వెలిగినట్టు గమనిస్తే ఆ సెల్ "సిద్ధం" స్థితిలోకి వెళ్తుంది. "తగినన్ని" అనే గీత కోడ్‌లో మామూలుగా 13 సినాప్స్‌ల, అంటే సెల్స్ మధ్య అతుకుల, దగ్గర ఉంటుంది. 2016లో హాకిన్స్, సుబుతాయ్ అహ్మద్ ప్రచురించిన పరిశోధన పత్రంలో, అసలు న్యూరాన్లలో దగ్గరదగ్గరగా ఉన్న 8 నుంచి 20 సినాప్స్‌లు కలిసి పనిచేస్తే ఇలాంటి ప్రభావం కలుగుతుందని వివరించారు. సిద్ధం కావడం, వెలగడం వేరువేరు కాబట్టే ఎన్ని అంచనాలైనా ఒకదాని మీద ఒకటి పడి ఉండగలుగుతాయి. నాకు ఈ మోడల్‌లో అన్నిటికంటే నచ్చే విషయం ఇదే.

## పద్ధతి 1: సిద్ధంగా ఉన్న సెల్స్‌ను నేరుగా లెక్కపెట్టడం

అన్నిటికంటే తేలిక. సిద్ధంగా ఉన్న సెల్స్ జాబితా తీసుకుని, అవి ఏయే కాలమ్‌లలో ఉన్నాయో చూసి, ఆ కాలమ్‌ల సంఖ్యను 40తో భాగిస్తారు. హెచ్‌టీఎం.కోర్‌లో అయితే ఆ జాబితా అడిగే ముందు డెండ్రైట్‌ల లెక్క చేసే ఫంక్షన్‌ను పిలవాలి. ఆ సమయంలో నేర్చుకోవడం ఆపి ఉంచండి.

'రా, మ' తర్వాత 120 దగ్గర్లో కాలమ్‌లు వస్తే మూడు అంచనాలు. 'సీ, తా, రా, మ' తర్వాత 40 వస్తే ఒకటి.

ఇక్కడ ఒక్క చోట ఆగి చూడాలి. పేర్లను వరసగా ఇస్తూ, ప్రతి పేరు ముందు రీసెట్ చేసి (వెనక సందర్భాన్ని చెరిపేసి), 'రా, మ' ఇచ్చి లెక్కపెడితే 120 బదులు 160 దగ్గర్లో వస్తుంది. నాలుగో అంచనా ఏదా అని చూస్తే 'య్య'. సీతారామయ్యలోని 'య్య' ఇక్కడికెలా వచ్చింది? రీసెట్ తర్వాత వచ్చే మొదటి అక్షరానికి వెనక సందర్భం ఉండదు. అందుకని 'రా' కాలమ్‌లలోని 32 సెల్స్‌కు 32 వెలుగుతాయి. దీన్నే బర్స్ట్ అంటారు. అలా అన్నీ వెలిగాయి కాబట్టి, సీతారామయ్యలోని 'రా' సెల్స్ కూడా వాటిలో ఉంటాయి. దాంతో రెండు సందర్భాల 'మ'లూ లేస్తాయి, వాటి వెనక నాలుగు అక్షరాలూ లేస్తాయి. శిక్షణ సమయంలో ఇలా జరిగితే సందర్భాలు కలగలిసిపోయే ప్రమాదం కూడా ఉంది.

దీనికి పరిష్కారం చాలా చిన్నది. ప్రతి పేరు ముందూ "మొదలు" అని ఒక ప్రత్యేక గుర్తు ఇవ్వండి. బర్స్ట్ ఆ గుర్తు దగ్గరే అయిపోతుంది, 'రా' సరైన సందర్భంలో వస్తుంది. మోడల్ పాడైందని టెన్షన్ పడి పారామీటర్లన్నీ తిరగేసే ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

అంకెల డేటాకు ఈ లెక్క అంతగా కుదరదు. 52, 53 లాంటి దగ్గరి విలువల ఎస్‌డీఆర్‌లు చాలా కాలమ్‌లను పంచుకుంటాయి. రెండు అంచనాలు కలిసి 80 బదులు 50 కాలమ్‌లే చూపిస్తాయి. అప్పుడు వచ్చిన సంఖ్యను "ఎన్ని" అని కాకుండా "ఎంత విశాలంగా ఎదురుచూస్తోంది" అని చదువుకోవాలి.

## పద్ధతి 2: తెలిసిన గుర్తులతో పోల్చి చూడటం

మొదటి పద్ధతి ఎన్ని అని చెప్పింది, ఏవి అని చెప్పలేదు. దానికి ఒక జాబితా దగ్గర ఉంచుకోవాలి: 'కృ' అంటే ఈ 40 కాలమ్‌లు, 'చం' అంటే ఈ 40 అని. సిద్ధంగా ఉన్న కాలమ్‌ల గుంపులో ఒక్కో గుర్తుకు చెందిన 40లో ఎన్ని ఉన్నాయో చూస్తారు. 30కి పైగా ఉంటే అది అంచనాల్లో ఉన్నట్టే అనుకోవచ్చు.

చాలా అంచనాలు ఒకే గుంపులో కలిసిపోతే పొరపాటు పడమా అని సందేహం రావడం సహజం. లెక్క వేసి చూడండి. 10 గుర్తులు కలిపితే 2048లో దాదాపు 18 శాతం కాలమ్‌లు నిండుతాయి. సంబంధం లేని ఇంకో గుర్తు తాలూకు 40 కాలమ్‌లూ ఆ 18 శాతంలోనే పడాలంటే 0.18ని 40 సార్లు హెచ్చించాలి. అది జరగని పని. 50 గుర్తులు కలిపినా 40కి 40 పొరపాటున కలిసే అవకాశం కోటిలో ఒకటి కంటే తక్కువే. కాకపోతే 50 కలిపినప్పుడు 63 శాతం కాలమ్‌లు నిండి ఉంటాయి కాబట్టి, 30 సరిపోతుందనే గీత అక్కడ ప్రమాదం. అంచనాలు పెరిగేకొద్దీ గీతను 38 దాకా పెంచండి.

జాగ్రత్త పడాల్సింది స్పేషియల్ పూలర్ దగ్గర, అంటే వచ్చిన డేటాను ఆ 40 కాలమ్‌లుగా మార్చే భాగం దగ్గర. అది ఇంకా నేర్చుకుంటూ ఉంటే నిన్న రాసుకున్న జాబితా ఇవాళ పనికిరాదు. శిక్షణ తర్వాత దాన్ని ఆపేయండి. గుర్తులు తక్కువైతే అసలు స్పేషియల్ పూలరే వద్దు. ఒక్కో అక్షరానికి యాదృచ్ఛికంగా 40 కాలమ్‌లు కేటాయించి, నేరుగా టెంపొరల్ మెమరీకి ఇచ్చేయండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేనెప్పుడూ ఇదే చెబుతాను, ఎందుకంటే తప్పు వస్తే ఎక్కడ వచ్చిందో వెంటనే కనపడుతుంది.

## పద్ధతి 3: క్లాసిఫయర్

మన శిక్షణ డేటాలో 'రామ'తో మొదలయ్యే ప్రతి 10 పేర్లలో 5 రామకృష్ణ, 3 రామచంద్ర, 2 రామలింగం అనుకుందాం. పై రెండు పద్ధతులూ మూడింటినీ సమానంగానే చూపిస్తాయి. ఎక్కువసార్లు కనపడితే సినాప్స్ బలం, అంటే పర్మనెన్స్, పెరుగుతుంది నిజమే. కానీ అది 1.0 దగ్గర ఆగిపోతుంది. 0.5 దాటితే చాలు, సినాప్స్ పనిచేసినట్టే లెక్క. కాబట్టి పర్మనెన్స్‌లను కూడి శాతాలు తీయాలని చూడకండి.

శాతాలు కావాలంటే ఎస్‌డీఆర్ క్లాసిఫయర్ పెట్టాలి. ఒకే పొర ఉన్న చిన్న సాఫ్ట్‌మ్యాక్స్ నెట్‌వర్క్ అది, అంటే అన్నీ కలిపితే 1 అయ్యేలా ఒక్కోదానికి అవకాశం ఇస్తుంది. ఇప్పుడు వెలుగుతున్న సెల్స్‌ను చూసి, తర్వాత వచ్చేది ఏ విలువో నేర్చుకుంటుంది. సిద్ధంగా ఉన్న సెల్స్‌ను కాదు, వెలుగుతున్న సెల్స్‌నే చూస్తుందన్నది గుర్తుంచుకోండి. పై డేటాతో తగినంత శిక్షణ ఇస్తే 'కృ'కు 0.5, 'చం'కు 0.3, 'లిం'కు 0.2 దగ్గరికి వస్తుంది. హెచ్‌టీఎం.కోర్‌లో ప్రెడిక్టర్ అనే రూపంలో ఒక అడుగు ముందుకు, అయిదు అడుగులు ముందుకు అని ఒకేసారి అడగొచ్చు.

న్యూమెంటా బృందం 2016లో న్యూయార్క్ టాక్సీ ప్రయాణికుల సంఖ్య మీద చేసిన పనిలో ఇదే దారి పట్టారు. ప్రతి 30 నిమిషాలకు ఒక లెక్క, అయిదు అడుగులు అంటే రెండున్నర గంటల ముందు అంచనా. సగటు తప్పుతో పాటు అవకాశాల పంపకం మొత్తంగా ఎంత బాగా కుదిరిందో కూడా కొలిచారు. అలా రెండూ కొలవడం చాలా అవసరం. ఎందుకో చూడండి: రాబోయేది 10,000 అయినా కావాలి, 20,000 అయినా కావాలి అనుకుందాం. రెండింటి సగటు 15,000. అది ఎప్పటికీ రాని విలువ. క్లాసిఫయర్ రెండు శిఖరాలు చూపిస్తున్నప్పుడు సగటు తీసి ఒక్క అంకె రాస్తే, ఇంత కష్టపడి తెచ్చుకున్న అంచనాలను చేతులారా పారేసినట్టే. ఒక్క అంకే కావాలంటే ఎక్కువ అవకాశం ఉన్న శిఖరాన్ని తీసుకోండి, రెండోదాన్ని పక్కన రాయండి.

దీని ఇబ్బందులు రెండు. మొదటిది బరువు: అంకెల పరిధిని 100 గడులుగా విడగొడితే, 65,536 సెల్స్‌కు 65,53,600 వెయిట్లు (నేర్చుకోవాల్సిన అంకెలు). రెండోది ఆలస్యం. కింద టెంపొరల్ మెమరీ మారుతూ ఉంటే పైన క్లాసిఫయర్ మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకునే వేగాన్ని మరీ పెంచితే నిన్నమొన్న చూసినవాటికే ఎక్కువ మార్కులు వేస్తుంది, మరీ తగ్గిస్తే మార్పు వచ్చిందని తెలిసేసరికి పొద్దుపోతుంది.

## పద్ధతి 4: దారులుగా విడదీసి ముందుకు నడపడం

క్లాసిఫయర్‌ను 'రా, మ' తర్వాత రెండు అడుగుల ముందు ఏముందని అడిగితే 'ష్ణ' 0.5, 'ద్ర' 0.3, 'గం' 0.2 అంటుంది. ఒక అడుగు ముందు 'కృ', 'చం', 'లిం' అంటుంది. కానీ 'కృ' వెనక 'ష్ణ' వస్తుందని, 'చం' వెనక 'ద్ర' వస్తుందని చెప్పదు. ఒక్కో అడుగుకు విడిగా లెక్క చెబుతుంది అంతే. వాటిని తోచినట్టు అతికిస్తే 'రామకృద్ర' అనే పేరు పుడుతుంది.

దారి మొత్తం కావాలంటే మోడల్ స్థితిని కాపీలు తీయాలి. మొదటి కాపీకి 'కృ', రెండోదానికి 'చం', మూడోదానికి 'లిం' ఇచ్చి, ఒక్కోదాని నుంచి మళ్ళీ అంచనాలు అడగాలి. కాపీల్లో నేర్చుకోవడం తప్పనిసరిగా ఆపేయాలి. లేదంటే మోడల్ తన ఊహలనే నిజమని నేర్చుకుంటుంది. ఏ గుర్తు ఇవ్వాలో తెలియాలంటే రెండో పద్ధతిలోని జాబితా కావాలి. దారులకు మార్కులు వేయాలంటే మూడో పద్ధతి కావాలి. అంటే ఇది ఒక్కటీ విడిగా నిలబడే పద్ధతి కాదు.

ఖర్చు కూడా ఎక్కువ. ప్రతి అడుగులో మూడు కొమ్మలు వస్తే అయిదు అడుగులకు 243 దారులు. ప్రతి అడుగులోనూ మెరుగైన అయిదింటిని ఉంచి మిగతావి వదిలేస్తే భారం అదుపులో ఉంటుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | 1. లెక్కపెట్టడం | 2. పోల్చడం | 3. క్లాసిఫయర్ | 4. దారులు |
|---|---|---|---|---|
| ఎన్ని? | చెబుతుంది | చెబుతుంది | పరోక్షంగా | చెబుతుంది |
| ఏవి? | చెప్పదు | చెబుతుంది | చెబుతుంది | చెబుతుంది |
| ఎంత అవకాశం? | చెప్పదు | చెప్పదు | చెబుతుంది | 3వ పద్ధతి తోడుంటే |
| దారి మొత్తం? | చెప్పదు | చెప్పదు | చెప్పదు | చెబుతుంది |
| అదనపు శిక్షణ | అక్కర్లేదు | అక్కర్లేదు | కావాలి | అక్కర్లేదు |
| అంకెల డేటాకు | పైపైన | కష్టం | బాగుంటుంది | జాగ్రత్తగా |
| ఖర్చు | చాలా తక్కువ | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |

## ఎవరికి ఏది

నేర్చుకుంటున్న విద్యార్థులకు 1, 2 చాలు. క్లాసిఫయర్‌తో మొదలుపెట్టకండి. అది తప్పు చెప్పినప్పుడు తప్పు దానిదా, కింద ఉన్న టెంపొరల్ మెమరీదా అన్నది మీకు తెలియదు. కాలమ్‌లు కళ్ళతో చూస్తే మోడల్ ఏమనుకుంటోందో నేరుగా అర్థమవుతుంది.

సర్వర్లు, మెషిన్ల మీద నిఘా పెట్టి తేడా వస్తే పట్టుకోవాలనుకునేవాళ్ళకు క్లాసిఫయరే అక్కర్లేదు. వచ్చిన 40 కాలమ్‌లలో ముందే ఎదురుచూడనివి ఎంత భాగం అన్నదే అనామలీ స్కోర్. మూడు అంచనాల్లో ఏది వచ్చినా స్కోర్ సున్నా. ఇందులో ఒక మెలిక ఉంది. మోడల్ వందల విలువల కోసం ఒకేసారి ఎదురుచూస్తుంటే ఏది వచ్చినా "ముందే తెలుసు" అంటుంది, అలారం మోగదు. అందుకని స్కోర్ పక్కనే పద్ధతి 1 ఇచ్చే సంఖ్యను కూడా గ్రాఫ్‌లో పెట్టండి. ఆ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే స్కోర్‌ను నమ్మకండి.

కరెంటు వాడకం, టాక్సీల గిరాకీ లాంటి అంకెలు అంచనా వేసేవాళ్ళకు పద్ధతి 3. పక్కపక్కనే ఉన్న గడులను ఒకే శిఖరంగా లెక్కపెట్టుకోండి.

వాక్యం పూర్తి చేయడం, వాడుకరి తర్వాత నొక్కబోయే బటన్ల వరస ఊహించడం లాంటి పనులకు పద్ధతి 4. కానీ ముందు ఒక మాట. మీ గుర్తులు తక్కువై, వెనక రెండు మూడు అడుగుల సందర్భం చాలనుకుంటే, ఏది దేని తర్వాత ఎన్నిసార్లు వచ్చిందో రాసుకునే మామూలు ఎన్‌గ్రామ్ పట్టిక శాతాలను ఇంతకంటే తేలిగ్గా ఇస్తుంది. హెచ్‌టీఎం మీద ఇష్టంతోనే చెబుతున్నాను. సందర్భం ఎంత వెనక్కి వెళ్ళాలో ముందే తెలియనప్పుడు, డేటా ఆగకుండా వస్తూ మారుతున్నప్పుడు దీని విలువ కనపడుతుంది.

## ఏ పద్ధతికైనా తప్పని ఒక సెట్టింగ్

ఎదురుచూసినా రానివాటికి వేసే చిన్న శిక్ష ఒకటి ఉంది. ఎదురుచూసి నిరాశపడిన సెగ్మెంట్ సినాప్స్‌లను కాస్త తగ్గించే పారామీటర్ అది. మామూలుగా సున్నా ఉంటుంది. సున్నాగానే ఉంచితే ఎప్పుడో ఒకసారి వచ్చినవి కూడా పోకుండా పేరుకుంటాయి. మరీ పెంచితే అసలుకే ఎసరు వస్తుంది, అరుదైన కొమ్మలు చచ్చిపోతాయి.

లెక్క చూడండి. 'లిం' అయిదింటిలో ఒకసారే వస్తుంది. వచ్చినప్పుడు పర్మనెన్స్ 0.1 పెరుగుతుంది, రాని నాలుగుసార్లూ శిక్ష పడుతుంది. శిక్ష 0.025 దాటితే తగ్గేదే ఎక్కువ, కొన్నాళ్ళకు మోడల్ రామలింగాన్ని మర్చిపోతుంది. వెలిగే కాలమ్‌ల శాతాన్ని పర్మనెన్స్ పెంపుతో హెచ్చించగా వచ్చిన దానికంటే కాస్త ఎక్కువ పెట్టమని కోడ్ వివరణలో సలహా ఉంది. మన లెక్కలో 0.02 × 0.1 = 0.002. దానికి రెట్టింపుగా 0.004 పెడితే 25లో ఒకసారి వచ్చే కొమ్మ కూడా బతుకుతుంది. మీ డేటాలో పోకూడని అత్యంత అరుదైన కొమ్మ ఎన్నింటిలో ఒకసారి వస్తుందో ముందు తేల్చుకుని, ఆ సంఖ్య నుంచి ఒకటి తీసేసి, 0.1ని దానితో భాగించండి. శిక్ష అంతకంటే తక్కువ ఉండాలి.

ఇవన్నీ అమర్చుకున్నాక అసలు డేటా ఎక్కించే ముందు ఆ నాలుగు పేర్లతోనే ఒకసారి నడిపి చూడండి. "మొదలు" గుర్తు, 'రా', 'మ' ఇస్తే 120 దగ్గర్లో కాలమ్‌లు రావాలి, మూడక్షరాలూ జాబితాలో కనపడాలి. "మొదలు" గుర్తు, 'సీ', 'తా', 'రా', 'మ' ఇస్తే 40 దగ్గర్లోనే రావాలి, 'య్య' ఒక్కటే కనపడాలి. రెండో దాంట్లో 'కృ' కూడా తొంగిచూస్తే, సందర్భం ఎక్కడో చెదిరింది. దాన్ని సరిచేశాకే ముందుకు వెళ్ళండి.